తరిమెన చుట్టూ ఒక ఊరు

నులక మంచం కోళ్లకు నడుమ తిరిగిన కంకణాలు, ఉయ్యాల తొట్టిల కమ్మీల మీది చిన్న చిన్న బుడిపెలు, పప్పుగుత్తి పిడి నునుపు, బొంగరం నడుము, ఇవన్నీ తరిమెన (లేత్) మీద పుట్టినవే. మన సీమ పల్లెల్లో కూతురి పెళ్లికి మంచం చేయించేటప్పుడు కోళ్లు తరిమెన పట్టించారా, ఉత్త బాడిశతో చెక్కించారా అని వియ్యాలవారు కూడా చూసేవాళ్లు. ఆ పని తెలిసిన వడ్లాయనలు డోన్‌లోనూ చుట్టుపక్కలా ఉండేవాళ్లు, ఇప్పటికీ కొందరు ఉన్నారు. అయితే ఎవరి అంగడి వాళ్లది, ఎవరి గిరాకీ వాళ్లది. ఇనుప మంచం వచ్చి కోళ్ల పనిని, ప్లాస్టిక్ బొంగరం వచ్చి బొంగరాల పనిని తీసుకుపోతుంటే అందరూ కూర్చుని ఏం చేద్దామని మాట్లాడుకున్న చోటు ఒకటి లేకపోయింది. మనకు లోటు పనితనంలో రాలేదు, కూటమిలో వచ్చింది.

వడ్రంగుల కోసం వస్తున్న ఈ ప్రత్యేక సంచికలో నేను ఏటికొప్పాక గురించి రాయడానికి కారణం అదే. అదే పనిముట్టు, అదే కులవృత్తుల నేపథ్యం, మన అడవిలోనూ దొరికే అదే చెట్టు. అక్కడ మాత్రం తరిమెన తిరుగుతూనే ఉంది.

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున, యలమంచిలి మండలంలో ఉంది. 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం జిల్లా, ఆ రోజు నుంచి అనకాపల్లి జిల్లా. మన డోన్ కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారింది కూడా ఆ రోజే. ఆ ఊరికి బొమ్మలకన్నా ముందే మరో పేరుంది. 1933లోనే అక్కడ సహకార చక్కెర కర్మాగారం వెలసింది, దేశంలోని తొలి సహకార చక్కెర మిల్లుల్లో అది ఒకటి. చెరుకు రైతులు తమ పంటను కలిపి ఆడించుకున్న ఊరు కాబట్టి, చేతిపనివాళ్లు కలిసి పనిచేయడమనే ఆలోచన అక్కడ కొత్తగా పుట్టలేదని నా నమ్మకం. సంఘం పెట్టుకోవడం కూడా అలవాటయ్యే విద్యే.

పాతకాలంలో జమీందార్ల ఆదరణతో అక్కడి పనివాళ్లు లక్కపిడతలు, కుంకుమ భరిణెలు, బొమ్మల కొలువులో పెట్టే బొమ్మలు చేసేవాళ్లు. ఒకరు తాడు లాగి చెక్కను తిప్పుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవాళ్లు. ఒక పిడత చేయాలన్నా ఇద్దరు మనుషులు కావాలి. తర్వాత కరెంటు మోటారు వచ్చింది, తాడు లాగే మనిషి అవసరం తీరింది.

ఆ పని దగ్గరగా చూడవలసినది. చెక్క అంకుడుది. మనవైపు పాలకొడిసె అంటారు, కొమ్మ తుంచితే పాలు కారుతాయి. నల్లమలలోనూ మన మెట్ట అడవుల్లోనూ పెరిగే చెట్టే. కలప తెల్లగా, మెత్తగా, నార కనపడనంత సన్నగా ఉంటుంది. పచ్చి కొమ్మను కోసి బాగా ఆరనిస్తారు. ఆరకుండా పని మొదలుపెడితే తర్వాత పగులుతుంది. ఆరిన ముక్కను తరిమెనకు బిగించి తిప్పుతూ ముందు పెద్ద ఉలితో గుండ్రం చేస్తారు, తర్వాత సన్న ఉలితో నడుము, మెడ, మూత అంచు తీస్తారు. పిడతకు మూత కుదరడమే అసలు పరీక్ష. వదులైతే ఊడిపోతుంది, బిగువైతే పసిపిల్ల చేతికి రాదు. కొలతబద్ద పెట్టి చూసేకన్నా వేలితో తడిమి చూసుకునేవాళ్లే ఎక్కువ.

ఆకారం వచ్చాక రంగు. ఇక్కడ కుంచె ఉండదు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న చెక్కకు ఒత్తి పట్టుకుంటారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకు మడిచి ఒత్తితే రంగు సమంగా పరుచుకుని అద్దంలా మెరుపు వస్తుంది. ఎక్కువసేపు ఒత్తితే లక్క మాడుతుంది, తక్కువైతే చారలు మిగులుతాయి. ఈ లక్క మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే పదార్థం. మన దేశంలో ఎక్కువ భాగం జార్ఖండ్ నుంచి వస్తుంది.

ఆ ఊరి పని దాదాపు ఆగిపోయే దశకు వచ్చింది కూడా రంగు దగ్గరే. బజారులో చౌకగా రసాయన రంగులు దొరకడంతో పాత ఆకు రంగుల, బెరడు రంగుల వాడకం తప్పింది. రసాయన రంగుల్లో సీసం లాంటివి ఉంటాయి. పసిపిల్ల బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటుంది కదా. విదేశాల్లో సీసం మీద నియమాలు బిగిసేకొద్దీ అలాంటి సరుకుకు అక్కడ చోటు తగ్గింది. ఇంటి దగ్గర ప్లాస్టిక్ వచ్చి పడింది.

అప్పుడు ఆ ఊరి మనిషే సి.వి.రాజు ముందుకొచ్చారు. 1990 ప్రాంతంలో పద్మావతి అసోసియేట్స్ పేరుతో పనివాళ్లను ఒకచోటికి చేర్చి, మొక్కల రంగులను మళ్లీ లక్కలోకి తెచ్చే పని మొదలుపెట్టారు. పసుపు, జాఫ్రా గింజ, మంజిష్ఠ, కరక్కాయ, నీలి. బట్టకు పట్టే రంగు లక్కకు అలాగే పట్టదు. లక్క వేడికి నిలవాలి, వెలుతురుకు వెలిసిపోకూడదు. ఇది ఒక వడ్రంగి తన అంగడిలో రాత్రికి రాత్రి తేల్చగల పని కాదు. పాడైన లక్క ఖర్చు ఒకడి నెత్తిన పడితే వాడు మర్నాడే పాత డబ్బా రంగుకు పోతాడు. ఖర్చును, ఓటమిని, చివరికి దొరికిన పాళ్లను పదిమంది పంచుకున్నారు కాబట్టి ఆ ప్రయత్నం నిలిచింది. నా దృష్టిలో ఆ సంస్థ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. బిరుదులు ఆ తర్వాతివి.

ఆ రంగుల్లో మన వంతు కూడా ఉంది. 19వ శతాబ్దంలో కడప, కర్నూలు జిల్లాలు నీలిమందుకు పేరుపడ్డాయి. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి బజారుకు వచ్చాక ఇక్కడి నీలి సాగు కూలిపోయింది. పాలకొడిసె ఆకులోనూ నీలిరంగు ఉంది. చెక్కా రంగూ ఒకే చెట్టు ఇవ్వగలదన్నమాట. ఆ చెట్టు మన గట్ల మీద ఉంటే మనం దాన్ని పొయ్యిలోకి తప్ప ఎందుకూ వాడలేదు.

తరిమెన పనివాళ్లు కూడడం ప్రపంచంలో కొత్త కాదు. లండన్ తరిమెనవాళ్ల సంఘానికి 1604లో రాజపత్రం దొరికింది. అమెరికాలో సెలవు రోజుల సరదాగా చెక్క తిప్పేవాళ్లు 1986లో జాతీయ సంఘం పెట్టుకున్నారు, మరుసటి ఏడాది బ్రిటన్‌లోనూ వచ్చింది. వాళ్ల ఊరూరా శాఖల్లో ముసలాయన కొత్తవాడికి ఉలి పట్టడం ఉచితంగా నేర్పుతాడు. అది వాళ్లకు కాలక్షేపం, మనకు కూడు. అయినా ఆ ఒక్క అలవాటు మాత్రం మనం తీసుకోదగినది. మన దగ్గర ఉలి మర్మం తండ్రి నుంచి కొడుక్కే పోతుంది, కొడుకు బెంగళూరుకో హైదరాబాదుకో పోతే వాడితోనే పోతుంది.

సంఘం ఉండటం వల్ల మేలు ఏమిటో 2021లో బాగా తెలిసింది. ఆ ఏడాది జనవరి 1 నుంచి దేశంలో బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి అయింది. పరీక్షల ఖర్చు చిన్న పనివాడు భరించలేడు. హస్తకళల కమిషనర్ కార్యాలయంలో నమోదైన పనివాళ్లకు, భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకుకు అందులో మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకు ఆ గుర్తింపు 2017లోనే వచ్చింది. అలాంటి గుర్తింపుకు దరఖాస్తు పెట్టుకోవాలంటే పనివాళ్ల తరఫున మాట్లాడే సంఘమో సంస్థో ఉండాలి, ఒంటరి మనిషికి ఇవ్వరు. ఎక్కడా నమోదు కాకుండా మూలన ఒంటరిగా పిడతలు చేసుకునేవాడికి ఆ నీడ లేదు. 2017 గుర్తింపు తర్వాతి గౌరవాలు అందరికీ తెలిసినవే: 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో ప్రస్తావన, 2023లో రాజుగారికి పద్మశ్రీ, 2025 రిపబ్లిక్ డే కవాతులో రాష్ట్రం తరఫున ఏటికొప్పాక బొమ్మల శకటం, దానికి మూడో బహుమతి.

ఇన్ని వచ్చినా అక్కడ అంకుడు కర్రకు కొరత తీరలేదు. చుట్టూ కొండల్లో నరికింది నరికినట్టే పోయింది, నాటింది చాలలేదు. మన రైల్వేకోడూరు దగ్గరి శెట్టిగుంటలో ఎర్రచందనం బొమ్మలు చేసేవాళ్లదీ కర్ర బాధే. అక్కడ చెట్టు కళ్లెదుటే ఉన్నా చట్టాల మధ్య చేతికి అందదు. పని నేర్చిన చేతికి కర్ర దొరకకపోవడంకన్నా పెద్ద కష్టం చేతివృత్తిలో లేదు. పాలకొడిసె ఆ విషయంలో మనకు కలిసొచ్చే చెట్టు. మెట్టలో బతుకుతుంది, నరికినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పొలం గట్టు మీద రైతే పెంచుకోవచ్చు.

డోన్‌లో బండల పాలిష్ పనిలో రాయిని నునుపు చేసే చేతులు ఎన్నో ఉన్నాయి. మోటారు, బేరింగు, ఆకురాయి తెలియని వీధి లేదు. తరిమెన బిగించడం ఇక్కడ ఎవరికీ బ్రహ్మవిద్య కాదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో వడ్రంగులూ బొమ్మలు చేసేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షల అప్పు అందులో భాగాలు. ఇవి మనిషి మనిషికీ విడివిడిగా వస్తాయి. నలుగురు కలిసి ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, అప్పు పెట్టి మంచి లేత్ ఒకటి కొని, వారానికి ఒకరోజు పిల్లలను పిలిచి ఉలి పట్టించడం మన చేతిలో పని. కోళ్లు తరిమెన పట్టిన పెద్దవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. మొదట వాళ్ల ఇళ్లకు పోయి, మూలన పడేసిన పాత ఉలులు అడిగి తెచ్చి సానబట్టాలి.