స్థలకాల సిగ్నేచర్ మార్పు

స్థలకాలంలో దూరాన్ని కొలిచే మెట్రిక్‌లో ధన, రుణ గుర్తుల అమరికే సిగ్నేచర్. మన విశ్వంలో మూడు స్థల దిశలది ఒక గుర్తు, కాలానిది దానికి వ్యతిరేకం. కాలం గుర్తు కూడా మిగతా మూడింటిలాగే మారితే అది నాలుగో స్థల దిశ అవుతుంది. అక్కడ ముందూ వెనకా ఉండవు, కాంతి శంకువులూ ఉండవు.

గుర్తు అవిచ్ఛిన్నంగా మారాలంటే మధ్యలో ఎక్కడో మెట్రిక్ నిర్ధారకం సున్నా కాక తప్పదు. లేదంటే మెట్రిక్ ఒక్కసారిగా దూకాలి. చిక్కంతా ఆ సరిహద్దు దగ్గరే.

1983లో జేమ్స్ హార్టిల్, స్టీఫెన్ హాకింగ్ ప్రతిపాదించిన హద్దుల్లేని విశ్వంలో దీని ప్రసిద్ధ రూపం కనిపిస్తుంది. నాలుగు పరిమాణాల గోళంలో సగాన్ని తీసుకుని, దాని మధ్యరేఖ దగ్గర వ్యాకోచించే డి సిట్టర్ విశ్వానికి అతికిస్తారు. అతుకు దగ్గర వ్యాకోచ వేగం సున్నా కాబట్టి రెండూ నునుపుగా కలుస్తాయి. కాలానికి మొదలు ఉన్నా, అక్కడ పదునైన అంచు ఉండదు. ఈ ఆలోచనలోని అసలు అందం ఇదే.

ఇదంతా క్వాంటం లెక్క. 1992లో జార్జ్ ఎల్లిస్ బృందం ఈ మార్పు క్వాంటం ప్రమేయం లేని సాధారణ సాపేక్షతలోనూ సాధ్యమేనని వాదించింది. అతుకు దగ్గర వేగం సున్నా కావాలా వద్దా అన్న విషయంలో షాన్ హేవర్డ్ వారితో విభేదించారు. లూప్ క్వాంటం విశ్వశాస్త్రంలోని కొన్ని నమూనాల్లోనూ ఇలాంటి మార్పే కనిపిస్తుంది: విశ్వ సాంద్రత గరిష్ఠ విలువలో సగం దాటితే సమీకరణాల స్వభావమే మారి, కాలక్రమంలో పరిణామాన్ని లెక్కించడం కుదరదు.

  సిగ్నేచర్ మార్పుకు ఇంతవరకు పరిశీలనా సాక్ష్యం లేదు.