లండన్ స్టూడియోలో హౌలిన్ వుల్ఫ్ (1970)

గత భాగంలో దక్షిణ అమెరికా రాష్ట్రాల పల్లెల నుంచి ఉత్తరాది నగరాలకు నల్లజాతి ప్రజలు సాగించిన మహా వలస గురించి తెలుసుకున్నారు. 1910-1970 మధ్య దాదాపు 60 లక్షల మంది అలా తరలివెళ్లారు. వారితోపాటు వారి బ్లూస్ పాట కూడా వెళ్లింది. ఆ పాట అట్లాంటిక్ దాటి ఇంగ్లాండు చేరి, అక్కడి నుంచి మళ్లీ అమెరికాకు వచ్చిన తీరును ఒక్క ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం.

హౌలిన్ వుల్ఫ్ అసలు పేరు చెస్టర్ ఆర్థర్ బర్నెట్. 1910లో మిసిసిపీ రాష్ట్రంలో జన్మించాడు. పత్తి సాగే ఆధారమైన ఆ ప్రాంతంలో నల్లజాతి రైతులు ఎక్కువగా పంటలో వాటా చెల్లించే పద్ధతిపై సాగు చేసేవారు. మన పల్లెల్లోని కోరు కౌలును తలచుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. వుల్ఫ్ చార్లీ ప్యాటన్ దగ్గర గిటారు నేర్చుకున్నాడు. నలభై ఏళ్లు దగ్గరపడేదాకా సేద్యాన్ని పూర్తిగా వదల్లేదు. 1951లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ అతని పాటలను రికార్డు చేశాడు. తర్వాత షికాగో చేరి, చెస్ రికార్డ్స్ సంస్థ గాయకుడయ్యాడు.

బ్రిటిష్ యువకులకు ఈ పాటలు మొదట రికార్డుల ద్వారా, ఆ తర్వాత గాయకుల పర్యటనల ద్వారా చేరాయి. వుల్ఫ్ 1964లో యూరప్ పర్యటించాడు. అదే ఏడాది చివర, అతను 1961లో పాడిన 'ది రెడ్ రూస్టర్' పాటను రోలింగ్ స్టోన్స్ బృందం పాడగా, అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 1965లో ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమానికి ఆ బృందం వుల్ఫ్‌ను వెంటబెట్టుకొని వచ్చింది. షికాగోలో ఉన్న గాయకుణ్ణి అమెరికాలోని తెల్లజాతి యువతకు లండన్ కుర్రాళ్లు పరిచయం చేయడం గమనించదగ్గ విషయం.

ఇక 1970 నాటి పరిస్థితి చూడండి. నల్లజాతి యువత సోల్ సంగీతం వైపు మళ్లింది. చెస్ సంస్థ అంతకుముందు ఏడాదే చేతులు మారింది. కొత్త కొనుగోలుదారులు రాక్ శ్రోతలే. 1969లో సంస్థ వుల్ఫ్ పాటలకు రాక్ హంగులు జోడించి ఒక ఆల్బమ్ తెచ్చింది. అది అతనికి నచ్చలేదని ఆల్బమ్ అట్ట మీదే ముద్రించి అమ్మారు!

ఈ నేపథ్యంలో 1970 మే నెలలో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో రికార్డింగు జరిగింది. నిర్మాత నార్మన్ డేరన్. ఎరిక్ క్లాప్టన్‌కు 25 ఏళ్లు, స్టీవ్ విన్‌వుడ్‌కు 22 నిండలేదు. రోలింగ్ స్టోన్స్ నుంచి బిల్ వైమన్, చార్లీ వాట్స్ వచ్చారు. వుల్ఫ్‌కు 59 ఏళ్లు, ఆరోగ్యం దెబ్బతిని ఉంది. ఏళ్లుగా అతని పక్కన గిటారు వాయించిన హ్యూబర్ట్ సమ్లిన్ కూడా రావలసిందేనని క్లాప్టన్ పట్టుబట్టాడు.

'రెడ్ రూస్టర్' దగ్గర బృందం తడబడింది. తాళం ఎక్కడ మారుతుందో వారికి అందలేదు. తమకు తెలియడానికి గిటారు తీసుకొని మీరే వాయించి చూపండని క్లాప్టన్ అడగగా, వుల్ఫ్ వాయిస్తూ నేర్పాడు. ఆరేళ్ల క్రితం తమ దేశంలో అగ్రస్థానానికి చేరిన పాట అది. ఆ సంభాషణను ఆల్బమ్‌లో అలాగే ఉంచారు. చరిత్ర విద్యార్థికి ఇది విలువైన ఆధారం. అయితే దాన్ని ఉంచాలని నిర్ణయించినది సంస్థ అనీ, గురుశిష్యుల దృశ్యం అమ్మకానికి కూడా పనికొస్తుందనీ మరువరాదు.

1971లో విడుదలైన ఈ ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 79వ స్థానం పొందింది. సంగీతపరంగా ఇది వుల్ఫ్ ఉత్తమ కృషి కాదు. షికాగోలో 1950లలో చేసిన రికార్డులే అందుకు సాక్ష్యం. ఇక్కడ సమ్లిన్ గిటారు చాలాచోట్ల వెనకే వినిపిస్తుంది.

దీన్ని గౌరవంగా చూడాలా, దోపిడీగా చూడాలా? ఈ ప్రశ్నకు స్టూడియో గదిలో కన్నా హక్కుల పత్రాల్లో స్పష్టమైన ఆధారాలు దొరుకుతాయి. లెడ్ జెప్లిన్ 1969లో విడుదల చేసిన 'ది లెమన్ సాంగ్' వుల్ఫ్ రాసిన 'కిల్లింగ్ ఫ్లోర్' మీద ఆధారపడింది. కానీ మొదట అతని పేరు వేయలేదు. 1972లో దావా వేసినది వుల్ఫ్ కాదు, పాట హక్కులు గల ఆర్క్ మ్యూజిక్ సంస్థ. దావా కోర్టు బయట రాజీతో ముగిసింది. రచయితగా బర్నెట్ పేరు తర్వాత చేరింది.

చెస్ సంస్థ ఇదే పద్ధతిలో మడ్డీ వాటర్స్‌ను కూడా లండన్ పంపింది. ఆ ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారం లభించింది. వుల్ఫ్ మాత్రం 1973లో వచ్చిన తన చివరి స్టూడియో ఆల్బమ్‌ను షికాగోలో సొంత బృందంతోనే చేశాడు. 1976 జనవరి 10న మరణించాడు.