వెళ్ళినవాళ్ళ లెక్క

1821 ప్రాంతంలో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. ఇరవయ్యేళ్ళు గడిచేసరికి అది 5 లక్షల 61 వేలకు దిగిపోయింది. మధ్యలో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది, 1839 నవంబరులో కోరంగిని ముంచేసిన తుఫాను వచ్చింది. శిస్తు పడిపోవడంతో కంగారుపడిన కంపెనీ ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గోమరీని పంపి కారణాలు కనుక్కోమంది. 1844 నాటి ఆయన నివేదిక తర్వాతే కాటన్ దొర, ధవళేశ్వరం ఆనకట్ట. ఆ కథ మన పిల్లలకు కూడా తెలుసు.

తెలియని సంగతి వేరే ఉంది. తగ్గిన ఆ లక్షా డెబ్బై ఏడు వేల మందిలో చచ్చిపోయిందెందరు, ఊరు విడిచిపోయిందెందరు? రెండు ఖానేసుమారీల, అంటే జనాభా లెక్కల, మధ్య తేడా చూసి అది చెప్పడం ఎవరి తరమూ కాదు. జనాభా మారేది నాలుగు కారణాల వల్లే: పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, వచ్చినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు. పుట్టుకకూ చావుకూ ఊళ్ళో సాక్షులుంటారు. వెళ్ళినవాడికి ఎవరు సాక్షి? అందుకే వలసను చాలాకాలం మిగతా మూడూ తీసేశాక మిగిలిన శేషంగానే లెక్కకట్టారు. శేషంలో మిగతా లెక్కల తప్పులన్నీ వచ్చి చేరతాయి.

మనిషిని పేరుపేరునా రాసుకునే పద్ధతి రేవుల్లో పుట్టింది. అదీ మన తీరానికి దగ్గరి కథే. 1828లో యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీలను ఫ్రెంచివాళ్ళు బూర్బోన్ దీవికి, అంటే నేటి రీయూనియన్‌కు, తీసుకుపోయారు. బానిసత్వం రద్దయ్యాక 1834 నుంచి బ్రిటిష్ వాళ్ళు మారిషస్ చెరకు తోటలకు కూలీలను ఎక్కించడం మొదలుపెట్టారు. మోసాలూ చావులూ బయటపడి ఇంగ్లండులో గగ్గోలు పుట్టింది. 1837లో తొలి చట్టం వచ్చింది: ఓడెక్కే కూలీని, తీసుకుపోయే ఏజెంటును ఒక అధికారి ముందు నిలబెట్టి ఒప్పందం చూపించాలి. అది సరిపోలేదు, 1839లో కూలీల ఎగుమతినే ఆపేశారు. 1842లో కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల నుంచి మారిషస్‌కు మళ్ళీ తలుపులు తెరిచారు. ఆ తర్వాత రేవులో వలసదారుల రక్షకాధికారి అనే పదవి వచ్చింది. ఆయన రిజిస్టర్లో ప్రతి మనిషికీ ఒక వరస: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా.

ఆ రిజిస్టర్ల విలువ ఇప్పుడు తెలుస్తోంది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్ళిన 1,52,184 మంది వివరాలు ఓడల జాబితాల్లో ఉన్నాయి. మారిషస్‌కు వచ్చినవాళ్ళ పాత దస్తావేజులను అక్కడి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ భద్రపరిచింది. ముత్తాతకు అప్పట్లో ఇచ్చిన వలస నంబరు చెబితే ఏ జిల్లా నుంచి వచ్చాడో అక్కడ వెతికిపెడతారు. తోటల యజమానికి ఐదేళ్ళ ఒప్పందం అమలు కావాలి, ప్రభుత్వానికి నింద రాకూడదు. ఆ అవసరాల కోసం రాసిన పుస్తకం మనవళ్ళకు ఊరు చూపించింది.

ఇదే సముద్రం మీద బర్మాకు పోయినవాళ్ళకు అలాంటి పుస్తకం లేదు. మన కథలో బాధాకరమైన భాగం ఇది. కాకినాడలో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. కూలీలు పడవల్లో వెళ్ళి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ ఎక్కి, డెక్ మీదే బంగాళాఖాతం దాటి రంగూన్‌లో దిగేవాళ్ళు. మనవాళ్ళు దాన్ని రంగం అన్నారు. అక్కడివాళ్ళు మనల్ని కోరంగి రేవు పేరుతో కొరంగీలన్నారు. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల జనం మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని రేవు మూటలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి, కోతలకు వెళ్ళారు. నటాల్‌కు పోతే పరదేశం పోయినట్టు. రంగం పోతే చట్టం దృష్టిలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రం పోయినట్టే. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో భాగం. కాబట్టి రక్షకాధికారి ముందు నిలబడక్కర్లేదు, ఒప్పందం అక్కర్లేదు, పేరు రాయక్కర్లేదు. రేవుల్లో ఎన్ని తలలు ఎక్కాయి, ఎన్ని దిగాయి అన్న అంకెలు మాత్రం మిగిలాయి.

ఆ అంకెలు ప్రయాణాలవి, మనుషులవి కావు. మిల్లుల సీజనుకు వెళ్ళి వానలకు ఇంటికొచ్చి, మళ్ళీ ఏడాది వెళ్ళినవాడు ప్రతిసారీ కొత్త మనిషిగానే లెక్కకొచ్చాడు.

మరో దారి జనాభా లెక్కల్లో దొరికింది. 1881 నుంచి మన సెన్సస్‌లో ఎక్కడ పుట్టావని అడగడం మొదలైంది. బ్రిటన్‌లో ఇలాంటి పట్టికలనే ముందేసుకుని రావెన్‌స్టైన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1885లో వలస సూత్రాలు రాశాడు. వలసకు నియమం లేదన్న గణాంకవేత్త విలియం ఫార్ మాటకు అది జవాబు. ఎక్కువమంది దగ్గరి దూరాలకే కదులుతారని, ఒకవైపు ప్రవాహం ఉంటే ఎదురు ప్రవాహమూ ఉంటుందని ఆ పట్టికలే ఆయనకు చూపించాయి. గోదావరి మనిషి వెళ్ళేటప్పుడు గోదావరిలో ఎవరూ రాసుకోకపోయినా రంగూన్ సెన్సస్ గుమాస్తా రాసుకునేవాడు. బయల్దేరిన చోట కాకుండా చేరిన చోట లెక్కపెట్టడం, నా దృష్టిలో, ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే తెలివైన ఆలోచన.

1931 సెన్సస్ ప్రకారం బర్మాలో భారతీయులు 10,17,825 మంది. రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. బర్మా వాళ్ళకు ఆ అంకె భయం పుట్టించింది. అంతకు ముందు ఏడాది, 1930 మేలో, రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య అల్లర్లు చెలరేగి రక్తం పారింది. 1938లో భారతీయుల మీద మళ్ళీ అల్లర్లు. నిజంగా ఎంతమంది వస్తున్నారు, ఎందరు ఉండిపోతున్నారు అని తేల్చే పని 1939లో జేమ్స్ బాక్స్‌టర్ అనే అధికారికి అప్పగించారు. ఆ పది లక్షల్లో బర్మా బయట పుట్టినవాళ్ళు ఆరు లక్షల పైచిలుకే. మిగతావాళ్ళు అక్కడే పుట్టిన పిల్లలు. పైగా సెన్సస్ జరిగింది ఫిబ్రవరిలో, మిల్లులు ముమ్మరంగా ఆడే రోజుల్లో. బాక్స్‌టర్ రేవు అంకెల్ని, సెన్సస్‌ను పక్కపక్కన పెట్టి చూశాడు. భారతీయ కూలీలు బర్మా వాళ్ళ పనిని లాక్కోలేదని, వాళ్ళకు తోడుగానే నిలిచారని తేల్చాడు.

ఆ నివేదిక ఆలస్యంగా వచ్చింది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీసినప్పుడే, ఉన్నచోటు నుంచి అడుగు కదలకుండానే లక్షల మంది భారతీయులు ఒక్క రాత్రిలో విదేశీ వలసదారులైపోయారు. 1942లో జపాన్ సేనలు వచ్చేసరికి నాలుగైదు లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ దాటి ఇటు పరుగుతీశారని అంచనా. దారిలో రాలిపోయిన వేలమంది పేర్లు ఏ రిజిస్టర్లోనూ లేవు. 1941 బర్మా సెన్సస్ కాగితాలు చాలావరకు ఆ యుద్ధంలోనే పోయాయి. 1960ల్లో మిగిలినవాళ్ళూ తరలివచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే.

తర్వాతి కాలంలో ఎవరిని వలసదారు అనాలన్న చిక్కును ఐక్యరాజ్య సమితి తీర్చే ప్రయత్నం చేసింది. మామూలుగా ఉండే దేశం వదిలి ఇంకో దేశంలో కనీసం ఏడాది ఉంటే దీర్ఘకాల వలసదారు అని 1998 సిఫార్సుల్లో చెప్పింది. కానీ విమానాశ్రయంలో ఎవరు ఏడాది ఉంటారో ముందే ఎలా తెలుస్తుంది? బ్రిటన్ 1961లో పెట్టిన ప్రయాణికుల సర్వే పర్యాటకుల ఖర్చు తెలుసుకోవడానికి పుట్టింది. దాన్నే వలసకూ వాడుకున్నారు. 2011 సెన్సస్‌లో ఇంగ్లండ్, వేల్స్ జనం అంచనా కంటే 4 లక్షల 64 వేలు ఎక్కువ తేలారు. సర్వేకు చిక్కని వలసే అందుకు ముఖ్య కారణం.

మన దేశంలో వెళ్ళేవాళ్ళు నింపే డిపార్చర్ కార్డును 2017 జూలై 1 నుంచి భారతీయులకు తీసేశారు. పదో తరగతి పాసుకాని వాళ్ళు గల్ఫ్ వంటి కొన్ని దేశాలకు పనికి వెళ్తే అనుమతి తీసుకోవాలి, ఆ సంఖ్య ప్రభుత్వం దగ్గర ఉంటుంది. భీమవరం నుంచి అమెరికా వెళ్ళిన ఇంజనీరు ఆ లెక్కలోకి రాడు. కోనసీమ నుంచి విజిట్ వీసా మీద కువైట్ వెళ్ళి ఇంటిపనిలో చేరిన ఆడమనిషీ రాదు. ఇంజనీరును అమెరికా సర్వే పట్టుకుంటుంది, ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాయించుకుంటుంది. ఆ తల్లిని పట్టుకునే లెక్క ఏదీ లేదు. ఆపదొచ్చినప్పుడు ఆమె ఎక్కడుందో వెతకడం అక్కణ్ణించే కష్టమవుతుంది.

కేరళ ఇంకో దారి వెతికింది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో కె.సి. జకరియా, ఇరుదయ రాజన్ 1998లో పదివేల ఇళ్ళకు మనుషుల్ని పంపారు. రేవులో కాదు, చేరిన దేశంలో కాదు, వెళ్ళినవాడి ఇంటి గడపలో నిలబడి అడిగారు: మీ ఇంట్లోంచి ఎవరు వెళ్ళారు, ఎప్పుడు, ఎక్కడికి, ఎంత పంపుతున్నారు, తిరిగొచ్చారా? రాష్ట్రం నుంచి వెళ్ళి 13 లక్షల 60 వేల మంది విదేశాల్లో ఉన్నట్టు తేలింది. అయిదేళ్ళకోసారి అటూఇటూగా ఆ పని ఇప్పటికీ సాగుతోంది. ఇంటిల్లిపాదీ వెళ్ళిపోతే తాళం వేసిన ఇల్లు జవాబు చెప్పదన్న లోపం దానికుంది. ఆ చోట పక్కింటివాళ్ళను అడగాలి.

రెండు శతాబ్దాలుగా మనవాళ్ళను శిస్తు కోసం లెక్కపెట్టారు, తోటల కోసం, అల్లర్ల భయంతో లెక్కపెట్టారు. వెళ్ళినవాళ్ళ కోసం లెక్కపెట్టడం కేరళ చేసి చూపించింది. మన రాష్ట్ర ప్రభుత్వం అలాంటి సర్వేను గోదావరి జిల్లాలతో మొదలుపెట్టి, క్రమం తప్పకుండా జరపాలి. ఇంటికి ఎన్యూమరేటర్ వస్తే, కువైట్‌లో ఉన్న కూతుర్ని ఇంట్లోనే ఉన్నట్టు రాయించకండి. వెళ్ళిందని, ఏ ఊళ్ళో ఎవరింట్లో పనిచేస్తోందో తెలిసినంతవరకు చెప్పండి.