తుపాకీ గొట్టం మార్చే పనిముట్ల పుట్టుపూర్వోత్తరాలు

తుపాకీ గొట్టాన్ని విప్పి మరొకటి బిగించడానికి ప్రత్యేకమైన పనిముట్లు అవసరమైనది గొట్టానికి మర కోయడం మొదలైన తరువాతనే. అంతకు ముందు మూతి నుంచి మందు దట్టించే తుపాకుల్లో గొట్టం కర్రదిమ్మలో సన్నని శీలలతోనో లోహపు పట్టీలతోనో కుదురుకొని ఉండేది గనుక, వాటిని ఊడదీస్తే గొట్టం చేతికి వచ్చేది. మర ఉండేది వెనుక కొనను మూసే బిరడాకు మాత్రమే. 1781 సెప్టెంబరు 27న తిరుత్తణికి చేరువనున్న షోలింగూరు వద్ద హైదరలీ సేనలూ కుంపిణీ సేనలూ తలపడినప్పుడు పదాతుల చేతిలో ఉన్నవి ఈ తరహావే.

ఆ తరహా తుపాకుల విషయంలో నేర్పంతా గొట్టం తయారీలోనే ఉండేది. ఇనుప రేకును చుట్టి అంచుకు అంచు అతికించే పాత పద్ధతికి బదులు, అక్బరు కార్ఖానాల్లో రేకును ఏటవాలుగా మెలివేసి, మడత మీద మడత వచ్చేలా కొలిమిలో అతికేవారనీ, ఒక పశువు తిప్పే చక్రంతో ఒకేసారి 16 గొట్టాల లోపలి భాగాన్ని నునుపు చేసేవారనీ అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో వివరించాడు.

19వ శతాబ్దంలో వెనుక నుంచి తూటా పెట్టే రైఫిళ్లు (గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు గల తుపాకులు) వ్యాపించడంతో, గొట్టాన్ని రిసీవరనే ఉక్కుదిమ్మలోకి మరవేసి గట్టిగా బిగించవలసి వచ్చింది. ఆ పట్టు విడిపించడానికి గొట్టాన్ని నొక్కులు పడకుండా రెండు బద్దల మధ్య పట్టే వైసూ, రిసీవరును తిప్పే పొడవాటి పిడి రెంచీ పుట్టాయి. అసలు చిక్కు బిగింపులో కాదు, కొలతలో ఉంది: తూటా అడుగును ఆనుకొనే బోల్టు ముఖానికీ, గొట్టం వెనుక కొనలో తూటా కూర్చునే గదిలో అది ఆగే చోటుకూ మధ్య దూరాన్ని ‘హెడ్‌స్పేస్’ అంటారు, అంగుళంలో కొన్ని వెయ్యోవంతులు పెరిగినా తూటా డొక్క చిట్లి, నిప్పులాంటి వాయువు కాల్చేవాని ముఖం మీదికే రావచ్చు గనుక, ‘గో’, ‘నో గో’ అనే ఉక్కు గేజీలు ఈ పనికి తప్పనిసరి అయ్యాయి. 1958లో అమెరికాలో సావేజ్ కంపెనీ తన 110 రకం రైఫిలు గొట్టాన్ని ఒక బిగింపు నట్టుతో నిలపడం వల్ల, ఆ దూరాన్ని గొట్టం తిప్పుతూనే సరిచేసుకొనే వీలు కలిగి, తుపాకీ మేస్త్రీ పని కొంత ఇళ్లలోకి వచ్చింది.

మన దేశంలో ఆ పని ఇళ్లలోకి రాలేదు, రానివ్వలేదు కూడా. 1878 నాటి ఆయుధ చట్టం ప్రజల చేతి తుపాకీకి లైసెన్సు కళ్లెం వేసింది. దాని స్థానంలో వచ్చి 1962 అక్టోబరు 1న అమలైన 1959 నాటి చట్టం తయారీతో పాటు మరమ్మతుకూ లైసెన్సు ఉండాలన్నది. తిరువళ్లూరు జిల్లాలోని ఆవడిలో యుద్ధ ట్యాంకుల ప్రభుత్వ కర్మాగారం ఉన్నా, ఆ ఊరి లేత్ పనివానికి ఒక వేటతుపాకీని బాగుచేయడానికైనా అనుమతి కావలసిందే. ఆ చట్టం ‘ఆయుధాలు’ అన్న మాటలో తుపాకీ విడిభాగాలనూ వాటిని తయారుచేసే యంత్రాలనూ సైతం చేర్చి, కేవలం ఇంటికీ వ్యవసాయానికీ ఉద్దేశించిన వస్తువులనూ, మామూలు చేతికర్రనూ మాత్రం విడిచిపెట్టింది.