పద్మపాణి మీద లక్క

అజంతా వెళ్లేవాళ్లలో చాలామంది వెతుక్కునే బొమ్మ మొదటి గుహలోని పద్మపాణి. చేతిలో తామరపువ్వు, వంగిన మెడ, సగం మూసిన కళ్లు. ఇంటర్నెట్‌లో చూసి వెళ్తాం కాబట్టి అసలు బొమ్మ ఇంకా బాగుంటుందనుకుంటాం. టీ జంక్షన్‌లో బస్సెక్కి, కొండ మెట్లెక్కి, చెప్పులు విప్పి లోపలికెళ్తే చీకటి. ఫ్లాష్ వాడకూడదు. కళ్లు సర్దుకునేలోపే వెనకవాళ్లు తోస్తుంటారు. నాకు ముందు కనబడింది పసుపు, పాత ఫొటో మీద పేరుకునే లాంటి పసుపు.

ఆ పసుపులో కొంత వాటా హైదరాబాద్‌ది. 1956 దాకా అజంతా, మా భానూర్ ఒకే రాష్ట్రంలో ఉండేవి. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీకి అప్పగించింది. అప్పటికే అజంతా బొమ్మలకి నకళ్లు తీయడంలో రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. రాబర్ట్ గిల్ ఏళ్లతరబడి వేసినవాటిలో చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. బొంబాయి ఆర్ట్ స్కూల్ విద్యార్థులతో గ్రిఫిత్స్ వేయించినవాటిలో చాలా 1885లో, మళ్లీ లండన్‌లోనే, మంటల పాలయ్యాయి. బ్యాకప్ రెండుసార్లు పోయిందన్నమాట. ఇక కాపాడాల్సింది గోడనే.

గోడ సంగతేమో అంతంతమాత్రం. రాతి మీద మట్టిపూత, దాని మీద పల్చటి సున్నం, అది ఆరాక రంగు. ఇటలీ ఫ్రెస్కోలో తడి సున్నం రంగుని పట్టుకుంటుంది. ఇక్కడ రంగు పైనే నిలిచింది. పూత ఊడితే బొమ్మా ఊడుతుంది. అందుకే 1920లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సినీ అనే నిపుణుల్ని పిలిపించారు. వాళ్లు వదులైన పూతని గోడకి అతికించారు. ఆ పని లేకపోతే ఈరోజు మనం చూసేదాంట్లో ఎంత మిగిలేదో! తర్వాత పైన లక్క వార్నిష్ పూశారు, మన వడ్రంగులు టేకు బీరువాకి కొట్టే పాలిష్ లాంటిదే. గ్రిఫిత్స్ మనుషులు అంతకుముందే, నకలు తీసేటప్పుడు రేఖలు తేటగా కనబడాలని, వార్నిష్ కొట్టారు. కొత్తలో రంగులు మెరిసే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ లక్క పసుపెక్కింది.

నిజాంని తిట్టుకోవడం తేలికే, నాకు మాత్రం మనసొప్పదు. అప్పట్లో దొరికిన మంచి సలహా కోసం డబ్బు ఖర్చుపెట్టాడు. యజ్దానీ నాలుగు భాగాల అజంతా గ్రంథం 1930లో మొదలై 1955కి పూర్తయింది. అంత శ్రద్ధ ఇప్పుడు మన దగ్గర ఏ పాత గుడి గోడకి దక్కుతోంది? సున్నం కొట్టేసి, పైన ఆయిల్ పెయింట్ వేసి, రిబ్బన్ కత్తిరిస్తాం.

ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రసాయన నిపుణులు ఆ లక్కని తీస్తున్నారు. ద్రావకంతో, కొంచెం కొంచెంగా. తీసినచోట అడుగున నీలం, ఆకుపచ్చ బయటపడుతున్నాయి. ఆ నీలం అఫ్గానిస్తాన్ లాజవర్ద్ రాయిది. లక్కతోపాటు రంగు లేచి వస్తుందనిపిస్తే మాత్రం అక్కడితో ఆగిపోవాలి. టూరిస్టుగా నాకు మొత్తం నీలం చూడాలనే ఉంటుంది. అయినా ఎవరైనా నన్నడిగితే, అనుమానం ఉన్నచోట పసుపుని అలాగే ఉంచమంటాను. లక్క తీయడానికి రేపు ఇంకో ద్రావకం దొరకొచ్చు, రంగు లేచిపోతే ఏ ద్రావకమూ తెచ్చివ్వదు.