బొమ్మకథలును బాలపాఠకుల వాదములును

గ్రంథచరిత్ర వ్రాయువారు కర్తను విచారింతురు, కాలమును నిర్ణయింతురు, ప్రతులను పోల్చి చూతురు. ఆ గ్రంథమును చదివినవారు దానిని గూర్చి తమలో తామేమి చెప్పుకొనిరో విచారించుట యరుదు. కారణము స్పష్టమే. పండితుడు వ్యాఖ్య వ్రాసినచో నది తాళపత్రమున నిలుచును. పదునాలుగేండ్ల పిల్లవాడు బడివాకిట చెలికానితో చేసిన వాదము సాయంకాలమునకే మాయమగును. అట్టి మాటలు విస్తారముగ అచ్చుపడి నిలిచిన సందర్భమొకటి యిరువదవ శతాబ్దమున అమెరికా సంయుక్తరాష్ట్రములలో తటస్థించెను. అది కామిక్స్ అనబడు బొమ్మకథల పుస్తకములను, అందును సూపర్‌మాన్ మొదలగు అతిమానుషవీరుల కథలను గూర్చినది. విషయ మల్పమని తోపవచ్చును. కాని పాఠకుని పక్షమున మాటలాడుటకు అధికార మెవ్వరిది అను ప్రశ్న అందు తేటపడినంతగా పెద్ద కావ్యముల చరిత్రలో సైతము తేటపడుట యరుదు.

సూపర్‌మాన్ అను పాత్రయే పాఠకుల జాబుల నుండి పుట్టినదనుట అతిశయోక్తి గాదు. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ అనునతడు న్యూయార్కున అమేజింగ్ స్టోరీస్ అను కథాపత్రికను స్థాపించెను. అందు పాఠకుల జాబులకొక భాగ మేర్పడెను. జాబు వ్రాసినవారి చిరునామాలుకూడ ప్రకటింపబడుచుండెను. చిరునామా కనబడుటతో పాఠకులు సంపాదకునికి గాక యొండొరులకే వ్రాసికొన నారంభించిరి. తరువాత తమకుతామే చిన్నపత్రికలను మిమియోగ్రాఫ్ యంత్రముపై తీసి పంచుకొనిరి. క్లీవ్‌లాండ్ నగరమున ఉన్నతపాఠశాలా విద్యార్థియైన జెర్రీ సీగెల్ అట్టివారిలో నొకడు. 1933లో అతడు తన చిన్నపత్రికలో సూపర్‌మాన్ పేరు గల యొక కథను ప్రకటించెను. దానికి జో షుస్టర్ బొమ్మలు వ్రాసెను. ఆ కథలో సూపర్‌మాన్ దుష్టుడు! అతడు వీరుడై, ఎర్రని పైవస్త్రము ధరించి, 1938 జూను నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో 10 సెంట్ల వెలకు లోకమునకు వెలువడెను. ఆ మిత్రులిరువురును దాని హక్కులను 130 డాలర్లకు విక్రయించి, పిదప చిరకాలము న్యాయస్థానముల చుట్టు తిరిగిరి.

పుస్తకములు లక్షలుగ అమ్ముడుపోవుట చూచి పెద్దలు కలవరపడిరి. 1940 మే 8వ తేదీన చికాగో డెయిలీ న్యూస్ సాహిత్యసంపాదకుడు స్టెర్లింగ్ నార్త్ ఈ పుస్తకములు దేశమునకే యవమానకరములని వ్రాసెను. యుద్ధానంతరమున నేరములను, భీభత్సమును చిత్రించు కామిక్స్ ప్రబలగా కలవరము ఉద్యమమాయెను. 1948లో పశ్చిమవర్జీనియాలోని స్పెన్సరు పట్టణమునను, న్యూయార్కు రాష్ట్రమందలి బింగమ్‌టన్ నగరమునను బడిపిల్లల చేతనే యీ పుస్తకములను పోగువేయించి కాల్పించిరి. పుస్తకములను తగులబెట్టిన ప్రభుత్వముతో పోరి గెలిచి నాలుగేండ్లైనను నిండలేదు.

ఈ యుద్యమమునకు పెద్దయైనవాడు డాక్టరు ఫ్రెడరిక్ వెర్థామ్. ఇతనిని దుష్టునిగ చిత్రించుట పరిపాటియైనది. అది న్యాయము గాదు. జర్మనీలో 1895లో జన్మించిన యీ మానసికవైద్యుడు 1946లో న్యూయార్కు హార్లెమ్ పేటయందు ఒక చర్చి నేలమాళిగలో లాఫార్గ్ వైద్యశాలను నెలకొల్పెను. ఇతర వైద్యశాలల గడప తొక్కజాలని నల్లజాతి పేదలకు అచట నామమాత్రమైన రుసుముతో చికిత్స జరుగుచుండెను. జాతిభేదమును బట్టి బడులను వేరుపరచుట పిల్లల మనస్సులకు హానికరమని అతడు డెలవేరు రాష్ట్రపు వ్యాజ్యములో చెప్పిన సాక్ష్యము, 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పునకు దారితీసిన సాక్ష్యములలో నొకటి. పిల్లల హితమే కోరి యతడు కామిక్స్‌ను ఖండించెను. ఆ 1954లోనే వెలువడిన సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్ అను గ్రంథమున నేరకథలనే గాక సూపర్‌మాన్, బాట్‌మాన్, వండర్ వుమన్ కథలను సైతము దోషయుక్తములని నిరూపింప యత్నించెను. అతని ప్రమాణములన్నియు తాను పరీక్షించిన పిల్లల మాటలు.

ఇట నొక జాబును గూర్చి చెప్పవలసియున్నది. వెర్థామ్ 1948 మే నెలలో సాటర్‌డే రెవ్యూ పత్రికలో కామిక్స్‌ను దూషించుచు వ్యాసము వ్రాయగా, జూలై నెలలో ఆ పత్రికయే వాషింగ్టను నగరవాసియగు పదునాలుగేండ్ల బాలుని ప్రత్యుత్తరమును విపులముగ ప్రకటించెను. అతనియొద్ద అయిదువేలకు మించిన కామిక్స్ పుస్తకములు గలవు. కామిక్స్ పుట్టుటకు ముందును లోకమున హత్యలు జరిగెనని చూపుచు బైబిలునందలి కయీనుని అతడు దృష్టాంతముగ గ్రహించెను. కారణము లేనిచోటను కార్యము కనబడుచున్నందున కార్యకారణభావము సిద్ధింపదని దీని తాత్పర్యము. తార్కికులు వ్యతిరేకవ్యభిచార మందురు. ఆ పేరు తెలియకయే యా బాలుడు దానిని సరిగ ప్రయోగించెను. తాను దూషింపబడుచున్న పుస్తకమును నిజముగ చదివినవాడు పెద్దల పత్రికలో మాటలాడుట అదియొక వింతయై, చాలమందిచే చదువబడెను.

1954 ఏప్రిల్ 21, 22 తేదీలలోను, జూను 4వ తేదీనను న్యూయార్కున సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. వైద్యులు, ప్రకాశకులు, చిత్రకారులు, పంపిణీదారులు సాక్ష్యమిచ్చిరి. భీభత్సకథల ప్రకాశకుడు విలియం గైన్స్ తెగిన తల గల ముఖచిత్రమును సమర్థింపబూని నవ్వులపాలాయెను. బాలురు కొందరు సెనేటు సభ్యులకు జాబులు వ్రాసిరి గాని అవి నిర్ణయమును మార్చలేదు. ఆ శరత్కాలముననే ప్రకాశకులు తమకు తాము కామిక్స్ కోడ్ అను నియమావళిని విధించుకొనిరి. హారర్, టెర్రర్ అను మాటలు పుస్తకముల పేర్లలో నుండరాదు. ప్రతికథయందును నేరము దండింపబడవలెను. అధికారులయెడ అగౌరవము గలుగరాదు. 2011 వరకు ఆ ముద్ర ఏదో యొకరూపమున నిలిచెను.

వివాద మిట్లు పెద్దలనడుమ ముగిసినపిమ్మట పాఠకుల వాదములు అసలు ప్రారంభమాయెను. జూలియస్ ష్వార్ట్జ్ 1932లోనే టైమ్ ట్రావెలర్ అను పాఠకపత్రికను నడపిన బాలురలో నొకడు. పిదప డీసీ సంస్థలో సంపాదకుడు. అతడు తాను పెరిగిన సంప్రదాయమును మరువక, 1961 నాటికి తన బొమ్మకథల పుస్తకములలో పాఠకుల జాబులను పూర్తి చిరునామాలతో ప్రకటించుచుండెను. మంచిజాబు వ్రాసినవారికి కథల మూలప్రతులను బహుమానముగ పంపుచుండెను. ఆ సంవత్సరము మార్చినెలలో డెట్రాయిట్ నగరమున ఆచార్యుడైన జెర్రీ బెయిల్స్, మిస్సోరీ రాష్ట్రమున కళాశాలా విద్యార్థియైన రాయ్ థామస్‌తో కూడి ఆల్టర్ ఈగో అను పత్రికను డిట్టో యంత్రముపై తీసి పాఠకులకు పంపెను. థామస్ నాలుగేండ్లలో మార్వెల్ సంస్థలో రచయితయై, 1972లో ప్రధానసంపాదకుడాయెను. పాఠకుడు గ్రంథకర్తయగుట యింత త్వరగ జరిగిన సాహిత్యశాఖ మరియొకటి యున్నదో లేదో!

ఆ జాబులలోని వాదముల స్వరూపము శాస్త్రాభ్యాసము గలవారికి క్రొత్తగ తోపదు. ఉక్తము, అనుక్తము, దురుక్తము అను మూటిని చింతించునది వార్తికమని వైయాకరణుల లక్షణము. పాణిని సూత్రములపై కాత్యాయనుడు చేసినది అదియే. ఈ పాఠకులును అదియే చేసిరి: గత సంచికలో ఈ వీరునకు లేని శక్తి యిప్పు డెట్లు వచ్చెనని యొకడు దురుక్తమును పట్టును, కథలో చెప్పక విడిచినదానిని మరియొకడు పూరించును. మార్వెల్ సంస్థలో స్టాన్ లీ యీ వ్యవహారమునకొక వినోదబిరుదమును కల్పించెను. దానిపేరు నో ప్రైజ్, అనగా లేని బహుమానము. కేవలము తప్పు పట్టుట చాలదు, పైకి తప్పుగ కనబడునది నిజమునకు తప్పుగాదని యుపపత్తితో సమాధానము చెప్పినవానికి ఆ బిరుదము అను మర్యాద కాలక్రమమున నేర్పడెను. పంపబడిన కవరులో నేమియు నుండదు. భాష్యకారుడు సూత్రమును నిలుపుటకై పడిన శ్రమను ఎరిగినవారికి ఈ వినోదమునందలి గాంభీర్యము తెలియును.

ఒక యుదాహరణము చాలును. ఫ్లాష్ అను వేగవీరుడు 1940లో నొకడు, 1956లో వేరొకడు. పేరొకటియే; మనుష్యుడు వేరు, కథ వేరు. పూర్వవీరుల నభిమానించినవారు వారిని మరల రప్పింపుమని కోరుచుండిరి. క్రొత్తకథకు పాతకథతో విరోధము గలదు. 1961 సెప్టెంబరు సంచికలో గార్డనర్ ఫాక్స్ అను రచయిత యిరువురును నిజమే, వారుండు భూములే రెండని సమాధానము చెప్పెను. రెండు ప్రమాణవాక్యములకు తుల్యబలవిరోధము గలిగినచో నొకదానిని కొట్టివేయక శాఖాభేదముచే రెండింటిని నిలుపుట వైదికులకు పరిచితమైన మార్గమే. 1963లో పూర్వవీరుల సమాజము కథలలోనికి తిరిగివచ్చుట, బెయిల్స్, థామస్ మొదలగువారి జాబులకు దక్కిన విజయము.

ఇందన్నియు ఉత్తమములని చెప్పరాదు. వాదము తత్త్వనిర్ణయమునకు, జల్పము గెలుపునకు, వితండ పరపక్షఖండనమునకు మాత్రమే యని గౌతముని విభాగము. జాబుల పుటలలో జల్పవితండలే బహుళము. మెప్పుమాటలు అంతకంటెను బహుళము. అచ్చునకు జాబుల నెన్నుకొనువాడు పుస్తకము నమ్ముకొనువాడే యగుట మరియొక లోపము. అయినను 1963లో ఫెంటాస్టిక్ ఫోర్ 20వ సంచికలో జాబు వ్రాసిన న్యూజెర్సీ బాలుడు, 1996లో ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్ అను నవలను రచించిన జార్జి ఆర్. ఆర్. మార్టినే యని తెలిసినపుడు, బొమ్మకథకును నవలకును నడుమ పెద్దలు కట్టిన గోడ యెంత పలుచనిదో కనబడును.

తెలుగునాట నవలయు నిట్లే శంకింపబడి నిలిచినది. కందుకూరి వీరేశలింగము 1878లో వివేకవర్ధనిలో ప్రకటించిన రాజశేఖరచరిత్రమును కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి తీవ్రముగ విమర్శించెను. గోల్డ్‌స్మిత్ నవలకు దానికిని గల సంబంధము చిరకాలము చర్చింపబడెను. కాని యచట వాది పండితుడే, ప్రతివాదియు పండితుడే. ఆ నవలను దీపముకడ చదివించుకొని వినిన యింటివారు ఏమనుకొనిరో చెప్పు జాబుల పుట లేదు. అది తీరని లోటు.

వెర్థామ్ కథ 1954తో ముగియలేదు. అతడు వృద్ధుడైన పిమ్మట పాఠకులు తీయు చిన్నపత్రికలు కొన్ని అతనిచేత బడెను. చదివి మెచ్చెను. 1973లో ది వరల్డ్ ఆఫ్ ఫాన్‌జీన్స్ అను గ్రంథమున ఆ పత్రికలు లాభాపేక్ష లేని సహృదయసంభాషణములని కొనియాడెను. ఒకప్పుడు కామిక్స్ చదివి చెడుదురని తాను చెప్పిన పిల్లలవంటివారే వానిని నడపుచున్నవారు. 1981లో అతడు మరణించెను. అతని కాగితములు వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమునకు చేరి, 2010లో పరిశోధకులకు లభ్యములాయెను. ఇల్లినాయి విశ్వవిద్యాలయమందలి కారల్ టిల్లీ వానిని పరిశీలించి 2012లో ప్రకటించిన వ్యాసమున, వెర్థామ్ పిల్లల మాటలను తన వాదమున కనుకూలముగ మార్చెనని చూపెను. ఇద్దరు యువకుల వాక్యములు ఒక్కనివిగ కూర్పబడెను. ఇంటి దుఃస్థితి మొదలగు ఇతరకారణములు విడువబడెను. బాట్‌మాన్‌కంటె టార్జాన్ మొదలగు నితరవీరులే తమ కాకర్షకులని చెప్పిన మాట గ్రంథమునకెక్కలేదు. వైద్యశాలలో నా మాటలను వ్రాసికొనిన కాగితములు మాత్రము చెరుగక, గ్రంథాలయపు పెట్టెలలో నట్లే యున్నవి.