పెట్రోలు ఇంజను దక్షత: అంకెల తేడాపై ఒక పరిశీలన

పెట్రోలు కారు ఇంజను ఇంధనశక్తిలో ఎంత భాగాన్ని పనికి మలుస్తుందన్న ప్రశ్నకు 20 శాతం, 30 శాతం, 40 శాతం అనే జవాబులు మూడూ ప్రచారంలో ఉన్నాయి. ఒకటి నిజమైతే మిగతావి తప్పనుకోవడం సహజమే. అయితే ఏ అంకె దేన్ని కొలిచి చెప్పిందో విడదీసి చూస్తే, మూడింటికీ ఆధారం ఉండే అవకాశమే ఎక్కువ.

1. ముందు సిద్ధాంతపు హద్దు. నాలుగు స్ట్రోకుల ఇంజనును 1876లో నికొలాస్ ఆటో నడిపి చూపాడు. ఆ ఆలోచన ఆయనదేనా అన్నది మాత్రం వివాదాంశం. ఫ్రెంచి ఇంజనీరు బో ద రోషా 1862లోనే ఆ క్రమాన్నీ, మండించడానికి ముందు మిశ్రమాన్ని గట్టిగా నొక్కాల్సిన అవసరాన్నీ రాతలో పెట్టాడు. 1886లో జర్మనీలో ఆటో పేటెంటు రద్దు కావడానికి ఆ రాతే ఆధారమైంది. కనుక సూత్రీకరణ రోషాది, పనిచేసిన యంత్రం ఆటోది అనడం సబబుగా తోస్తుంది.

దక్షతను శాసించేది ఆ నొక్కుడే. సంపీడన నిష్పత్తి 10 అనుకుని, సిలిండరులో ఉన్నది ఉత్త గాలేనని లెక్కిస్తే దక్షత సుమారు 60 శాతం వస్తుంది. వాయువులు వేడెక్కితే వాటి విశిష్టోష్ణాల నిష్పత్తి తగ్గుతుంది. దాన్ని 1.4కు బదులు 1.3గా తీసుకుంటే, అదే జవాబు 50 శాతానికి దిగుతుంది. సిలిండరు గోడలకు పోయే వేడి, రాపిడి ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. సంపీడనాన్ని ఇష్టమొచ్చినంత పెంచడానికి నాకింగ్, అంటే మిశ్రమంలో కొంత భాగం మంట చేరకముందే తనంతట తానే అంటుకోవడం, అడ్డుపడుతుంది.

2. 40 శాతం అన్న అంకె వట్టి ప్రచారం కాకపోవచ్చు. 2015 నాటి ప్రియస్ 1.8 లీటర్ల ఇంజనుకు టయోటా ప్రకటించినది అదే. 2017లో మెర్సిడెస్ ఫార్ములా వన్ ఇంజను పరీక్షశాలలో 50 శాతం దాటిందన్న ప్రకటన కూడా ఉంది. కాకపోతే అందులో ఎగ్జాస్టు వేడి నుంచి విద్యుత్తు రాబట్టే ఏర్పాటు కలిసి ఉంది. పైగా ఇవన్నీ గరిష్ఠ విలువలు. ఒకానొక వేగం, ఒకానొక భారం కుదిరినప్పుడే దక్కేవి.

3. రోడ్డు మీద ఆ కుదురు అరుదు. కాలు యాక్సిలరేటరు మీద తేలికగా ఉన్నప్పుడు థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది. సన్నని సందు గుండా గాలిని లాగడానికే పిస్టను కొంత శక్తి ఖర్చుపెట్టాలి. రాపిడి మాత్రం భారంతో సమానంగా తగ్గదు. సిగ్నలు దగ్గర ఆగి ఇంజను తిరుగుతూ ఉంటే చక్రాల లెక్కలో దక్షత సున్నా.

ఒక అంచనా వేసి చూద్దాం. టన్ను బరువున్న చిన్న కారు 80 కి.మీ. వేగంతో సమతలం మీద సాగుతోందనుకుందాం. గాలి, టైర్ల నిరోధం రెండూ కలిపి సుమారు 300 న్యూటన్లు. అంటే 100 కి.మీ.కు 30 మెగాజౌళ్ల పని. లీటరుకు 20 కి.మీ. ఇచ్చే బండి ఆ దూరానికి 5 లీటర్లు, అనగా దాదాపు 160 మెగాజౌళ్లు తాగుతుంది. నిష్పత్తి 19 శాతం. ఊహించుకున్న నిరోధాలు కాస్త మారినా జవాబు 40 దరిదాపులకు చేరడం కష్టం.

4. హారంలోనూ తేడా ఉంది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలోని వేడిని కలుపుకుంటే పెట్రోలు శక్తివిలువ సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆ మేరకు దక్షత తక్కువగా కనిపిస్తుంది. ఈ అంశాన్ని చెప్పకుండా ఇచ్చే శాతాలను పోల్చడం ప్రమాదకరం.

ఇదే జాగ్రత్త మనదేశంలో ఇప్పుడు అమ్ముతున్న ఈ20 (20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు) విషయంలోనూ అవసరం. లీటరు ఇథనాలులో శక్తి దాదాపు 21 మెగాజౌళ్లే, పెట్రోలులో 32. అందువల్ల 20 శాతం కలిపితే లీటరు శక్తి సుమారు 7 శాతం తగ్గుతుంది. మైలేజీ ఆ మేరకే పడిపోయిందనుకుంటే, ఇంజను దక్షత తగ్గిందని దాన్నిబట్టి తేల్చలేం. ఇథనాలుకు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువ కనుక, దానికోసమే సంపీడనం పెంచి కట్టిన ఇంజనులో దక్షత కొంత మెరుగుపడనూవచ్చు. పాత ఇంజనుకు ఆ లాభం దక్కుతుందని మాత్రం చెప్పలేం.